కొత్త ఫొటోకి కొత్త వస్తువు అక్కర్లేదు: పొందూరులో ఒక ఏడాది సాధన

ఫొటోగ్రఫీ సాధన గురించిన ఈ కేసులోని అబ్బాయిది శ్రీకాకుళం జిల్లా పొందూరు. వయసు ఇరవై నాలుగేళ్లు. శ్రీకాకుళం పట్టణంలో ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర లైట్లు పట్టుకునే పనితో మొదలుపెట్టి, రెండు మూడేళ్లలో తనే కెమెరా పట్టి పెళ్లిళ్లు తీసే స్థాయికి వచ్చాడు. ఇంట్లో నాయనమ్మ ఇప్పటికీ ఖాదీకి నూలు వడుకుతుంది. తాత బతికున్నంతకాలం మగ్గం నేశాడు. తండ్రి ఆ వృత్తిలోకి రాలేదు. అబ్బాయి పేరు ఇక్కడ రాయడం లేదు. మిగతా సంగతులన్నీ అతని ఇష్టంతో, నాయనమ్మ ఇష్టంతో రాస్తున్నవే.

నేను ఫొటోగ్రఫీ నేర్పుతాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందికి కెమెరాతో పరిచయమే ఉండదు. ఇతని సంగతి వేరు. కెమెరా క్షుణ్ణంగా తెలుసు, పని చురుగ్గా చేస్తాడు, పెళ్లివారు ఏనాడూ వంక పెట్టలేదు. అయినా ఒకరోజు మూడు ఆల్బమ్‌లు తెచ్చి బల్ల మీద పెట్టి, "మాస్టారూ, ఈ మూడు పెళ్లిళ్లూ నేనే తీశాను. అట్టలు తీసేస్తే ఏది ఎవరి పెళ్లో నాకే తెలియడం లేదు" అన్నాడు. ఇరవై నాలుగేళ్ల వయసులో, చేతినిండా పని ఉండగా, తన పని గురించి ఇలా అడగగలిగిన మనిషిని చూసి నాకు సంతోషం కలిగింది.

ఆల్బమ్‌లు తిరగేస్తే కారణం త్వరగానే తెలిసింది. పెళ్లిలో ఏం తీయాలో ముందే ఖరారై ఉంటుంది: జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, మధ్యలో వరసగా బంధువుల నిలువు ఫొటోలు. ఎక్కడ నిలబడాలో వీడియో వాళ్లు, పెళ్లి పెద్దలు తేలుస్తారు. వెలుతురు ఫ్లాష్ రూపంలో కెమెరా నెత్తిన కూర్చుని వెంటే వస్తుంది. వెలుతురును పట్టే చురుకు (ఐఎస్ఓ) 800, లెన్స్ తెరిచే రంధ్రం (అపర్చర్) ఎఫ్ 5.6, షట్టర్ తెరిచి ఉండే వేళ సెకనులో 125వ వంతు అని పెట్టుకుంటే ఏ కల్యాణ మండపంలోనైనా ముఖాలు తెల్లగా, స్పష్టంగా వస్తాయి. దేన్ని చూడాలి, ఏ వెలుతురులో చూడాలి అన్న రెండు ప్రశ్నలూ అతని ముందుకు ఎన్నడూ రాలేదు. చెయ్యి బాగా తిరిగింది, కంటికి మాత్రం పని పడలేదు. అందుకని రోజుకో కొత్త ఫొటో తీసే సాధన ఇచ్చాను.

నియమాలు ఎక్కడి నుంచి తీసుకున్నాను

రోజుకో ఫొటో అన్న ఆలోచన నాది కాదు. న్యూయార్క్‌లో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31న మొదలుపెట్టి, 1997 అక్టోబరు 25న క్యాన్సర్‌తో కన్నుమూసే దాకా రోజూ ఒక పోలరాయిడ్ (అప్పటికప్పుడే కాగితం మీద వచ్చే) ఫొటో తీశాడు. స్నేహితులు, భోజనాల బల్లలు, వీధులు, చివరికి తన జబ్బు కూడా అందులో ఉన్నాయి. విడివిడిగా చూస్తే చాలా ఫొటోలు మామూలువే. వరసగా చూస్తే ఒక మనిషి పద్దెనిమిదేళ్ల బతుకు కళ్లముందుకు వస్తుంది.

అమెరికాలోనే మిన్నెసోటా ఉత్తర అడవుల్లో జిమ్ బ్రాండెన్‌బర్గ్ 1994లో ఇంకో రకంగా చేశాడు. శరత్కాలంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు నుంచి, ఏడాదిలో అన్నిటికంటే పొట్టి పగలు వచ్చే రోజు దాకా, 90 రోజులు, రోజుకు ఒక్కసారే షట్టర్ నొక్కాడు. అది ఫిల్మ్ కెమెరా. ఎలా వచ్చిందో అప్పటికప్పుడు చూసుకునే వీలు లేదు. ఆ ఫొటోలు 1997 నవంబరులో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చాయి. ఈయనది వృత్తిలో ఎన్నో ఏళ్లు పండిన తర్వాత తనకు తాను పెట్టుకున్న పరీక్ష. నేర్చుకునేవాళ్ల చేత మొదటి రోజు నుంచే ఆ పరీక్ష రాయించడం నాకు సమ్మతం కాదు. ఆ మాట మళ్లీ వస్తుంది.

అబ్బాయికి ఇచ్చిన నియమాలు కొద్దే. లెన్స్ ఒక్కటే, 50 ఎంఎం. అతని కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి ఆ లెన్స్ 75 ఎంఎం లెన్స్ చూపినంత మేరే చూపిస్తుంది. ఏదైనా పెద్దగా కావాలంటే నడిచి దగ్గరకు వెళ్లాలి, మొత్తం పట్టాలంటే వెనక్కి నడవాలి. ఫ్లాష్ వాడకూడదు. ఎన్నిసార్లు నొక్కినా పర్వాలేదు, కానీ పడుకునేలోపు ఒక్క ఫొటోనే ఎంచుకోవాలి. ఎంచుకున్నాక నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాయాలి: వెలుతురు ఎటు నుంచి వచ్చింది, మిగతావి వదిలి దీన్నే ఎందుకు ఎంచుకున్నాను. రోజు తప్పితే మర్నాడు రెండు తీసి లెక్క సరిచేయకూడదు, ఆ పేజీ ఖాళీగా వదిలేయాలి. ఆదివారం ఆ వారం ఫొటోలను 4 అంగుళాలకు 6 అంగుళాల కాగితం మీద అచ్చు వేయించి తేవాలి.

కాగితం మీద అచ్చు అనగానే ఖర్చు దండగ అని చాలామంది నసుగుతారు. నేను ఈ ఒక్క విషయంలో పట్టు విడవను. ఫోనులో ఒకదాని తర్వాత ఒకటి జరిపి చూసేటప్పుడు ప్రతి ఫొటో ఒంటరిగా కనబడుతుంది. ఏడు కాగితాలు బల్ల మీద పరిస్తే వాటి పోలికలు, అలవాటుగా చేసేవన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. మనిషి ఎప్పుడూ ఎడమవైపే ఉన్నాడా, అన్నీ నిలబడిన ఎత్తు నుంచే తీశాడా అన్నది చెప్పనక్కర్లేదు, తనే చూస్తాడు.

తిరిగిన వారాలు

సంక్రాంతి వెళ్లిన వెంటనే మొదలుపెట్టాడు. రోజుకో కొత్త ఫొటో అంటే రోజుకో కొత్త చోటు అనుకున్నాడు. అందరూ అలాగే అనుకుంటారు. నాగావళి వంతెన మీద మంచు, కళింగపట్నం దీపస్తంభం, వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుక, శాలిహుండం కొండ మీద ఇటుక స్తూపం, అరసవల్లిలో రథసప్తమి జనం. తేలినీలాపురం వెళ్లి చెట్ల మీద పెలికాన్లను తీశాడు. 50 ఎంఎం లెన్స్‌లో అవి చుక్కల్లాగా వచ్చాయి. అయినా పక్షుల కోసం పెద్ద లెన్స్ అడగకుండా, చెట్టు కింద తలెత్తి చూస్తున్న ఊరి పిల్లల్ని తీసుకొచ్చాడు. ఆ వారాల్లో నాకు నచ్చిన ఫొటో అదే.

మిగతావి చక్కగానే ఉన్నాయి. కానీ బల్ల మీద పరిస్తే క్యాలెండరు బొమ్మల వరసలాగా కనిపించాయి. నోటుపుస్తకంలో "సూర్యోదయం బాగుంది", "జనం ఎక్కువగా ఉన్నారు" వంటి మాటలు ఉన్నాయి. వెలుతురు గురించి రాయమన్న చోట "ఎదురుగా" అనో "ఉదయం" అనో ఉంది. చోటు అందంగా ఉంటే కంటికి శ్రమ ఉండదు. మండపంలో పెళ్లి పెద్దలు చేసిన పనిని ఇక్కడ దీపస్తంభం చేసి పెట్టింది, అంతే తేడా. పెట్రోలు ఖర్చూ పెరిగింది. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేసరికి తిరగడానికి పొద్దూ మిగలలేదు. మూడో వారం తర్వాత ఈ సాధన దాదాపు అందరికీ బరువవుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు.

అతను మానేయాలనుకున్న ఆదివారం నేను చోటు మార్చాను. ఇకపై ఇంటి గడప దాటకుండా తీయమన్నాను.

"ఇంట్లో ఏముంది మాస్టారూ, నాయనమ్మ రాట్నం తప్ప?"

ఆ రాట్నాన్నే తీయమన్నాను. ఒకరోజు కాదు, చెప్పేదాకా రోజూ.

విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి నడుస్తోంది. అక్కడైనా, ఏ గురువు ఇంటి అరుగు మీదైనా, సంగీతం సరళీ వరుసలతోనే మొదలవుతుంది. అవే స్వరాలు మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో. స్వరాలు మారవు కాబట్టే గొంతులో మారుతున్నది ఏమిటో వినబడుతుంది. ఫొటోలోనూ వస్తువు మారకుండా ఉంటేనే వెలుతురు మారడం, నిలబడే చోటు మారడం, చూపు మారడం తెలుస్తాయి. నేను ఈ కేసు రాయడానికి కారణం ఈ ఒక్క మాటే. కొత్త ఫొటోకి కొత్త వస్తువు అక్కర్లేదు. రోజూ కొత్త వస్తువు దొరుకుతుంటే ఫొటో కొత్తగా ఉందో లేదో మనకు తెలిసే అవకాశమే పోతుంది.

రాట్నం ముందు

పొందూరు నూలు గురించి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. అక్కడ కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి వాడతారు. గింజ చుట్టూ ఉన్న దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలో సన్నటి పళ్లు ఒత్తుగా ఉంటాయి. అవి చెత్తను లాగేసి దూది పీచును ఒక తీరుగా పరుస్తాయి. తర్వాత గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు (వడకడానికి చుట్టిన దూది వత్తులు) చేసి, ఎండిన అరటి దొప్పలో దాచుకుని రాట్నం మీద వడుకుతారు. వంద కౌంటు నూలు అక్కడి పేరు నిలబెట్టింది. పాత లెక్కలో కౌంటు అంటే ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని ఉన్నాయన్నది. వంద కౌంటు అంటే పౌనుకు 84,000 గజాలు. ఆ పోగు ఎంత సన్నగా ఉంటుందో ఊహించుకోండి. ఫొటోగ్రాఫర్‌కు అది గట్టి సమస్య.

మొదటి చిక్కు తెలుపుతో వచ్చింది. నాయనమ్మ తెల్లచీరలో, తెల్లటి ఏకులు పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. అబ్బాయి తెచ్చిన మొదటి వారం ఫొటోల్లో అదంతా మాసిన గుడ్డ రంగులో ఉంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కు అది తెల్లచీర అని తెలియదు. ఎదుట ఏమున్నా సగటున నడిమి బూడిద రంగు అనుకుని, పడిన వెలుతురులో దాదాపు 18 శాతాన్ని తిప్పి పంపే వస్తువుకు తగినట్లు కొలుస్తుంది. మంచి తెలుపు దాదాపు 90 శాతం తిప్పి పంపుతుంది. అందుకే తెలుపును ఉన్నదున్నట్లు చూపాలంటే మీటర్ చెప్పిన దానికంటే ఒక స్టాపో, ఒకటిన్నర స్టాపో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) ఎక్కువ ఇవ్వాలి. పెళ్లిళ్లలో ఫ్లాష్ వెలుతురుకు కట్టేసిన అంకెలతో పని చేసినవాడికి ఈ దిద్దుబాటుతో ఎప్పుడూ పని పడలేదు. మరో వారానికి చీర తెల్లబడింది. ఆ పై వారం ఇంకో సంగతి గమనించి అతనే చెప్పాడు: చీర తెలుపు, ఎర్రపత్తి ఏకు తెలుపు ఒకటి కావు. ఏకులో లేత గోధుమ ఛాయ ఉంది, కెమెరా తనంతట తాను రంగు సరిచేసే పద్ధతిలో ఆ ఛాయను తుడిచేస్తోంది. ఆ సరిచేతను, అంటే వైట్ బ్యాలెన్స్‌ను, ఎండకు స్థిరంగా పెట్టేసరికి ఛాయ నిలిచింది. ఆ రోజు నోటుపుస్తకంలో వెలుతురు గురించి రెండు వాక్యాలు చాలక అర పేజీ రాశాడు.

రెండో చిక్కు చక్రం. సెకనులో 250వ వంతు వేగంతో తీస్తే పుల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు, కానీ రాట్నం ఆగిపోయినట్లు ఉంటుంది. 8వ వంతు దగ్గర చక్రం తిరుగుతున్నట్లు కనిపిస్తుంది, దాంతో పాటు నాయనమ్మ చేతులు కూడా అలుక్కుపోతాయి. 15వ వంతు దగ్గర చక్రం కరిగి, పోగు పట్టుకున్న ఎడమ చేతి వేళ్లు నిలబడ్డాయి. అంత నిదానమైన వేగంలో కెమెరా చేతిలో కదులుతుంది కాబట్టి దాన్ని పీట మీద పెట్టి, తను నేల మీద బోర్లా పడుకుని తీశాడు. నిలబడిన ఎత్తు నుంచి తీసే అలవాటు ఆ వారంతో పోయింది. నేను చెబితే పోయేది కాదు.

మూడోది పోగు. దానికి వేసవి దాకా పట్టింది.

ఎన్ని రోజులు తీసినా ఫొటోలో పోగు కనిపించలేదు. రాట్నం ఉంది, చెయ్యి ఉంది, ఆ రెంటి మధ్య గాలి ఉంది. అపర్చర్ పూర్తిగా తెరిచి ఎఫ్ 1.8తో ప్రయత్నించాడు. 1.5 మీటర్ల దూరం నుంచి ఆ అపర్చర్‌తో స్పష్టంగా వచ్చే లోతు 6, 7 సెంటీమీటర్లకు మించదు. పోగు కదురు (నూలు చుట్టుకునే ఊచ) నుంచి చేతి దాకా ఏటవాలుగా సాగుతుంది కాబట్టి మధ్యలో ఒక ముక్క మాత్రమే ఆ లోతులో పడి, మిగతాది మాయమైంది. పోగుకు సరిగ్గా సమాంతరంగా కూర్చుని తీశాడు. కొంచెం మెరుగు. అయినా తెల్లగోడ ముందు తెల్లపోగు. ఆదివారాలు నేను ఏం చేయాలో చెప్పలేదు. చెప్పడం నిమిషం పని, కానీ ఈ సాధనలో జవాబు అందించే గురువు అడ్డమే అవుతాడని నా నమ్మకం. "నాయనమ్మకు పోగు కనబడుతోంది కదా, ఎలా కనబడుతోందో కనుక్కో" అని మాత్రం అన్నాను.

ఆ మాటను అతను నేను అనుకున్నదానికంటే లోతుగా పట్టుకున్నాడు. ఎప్పుడూ ఎదురుగా కూర్చుని తీసేవాడు, ఒక పొద్దుట వెళ్లి నాయనమ్మ పక్కన, ఆమె భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె చూపు ఎటు పోతోందో తనూ అటే చూశాడు. తూర్పు వాకిట్లోంచి ఎండ ఏటవాలుగా పోగు మీద పడుతోంది. పోగు వెనక ఇంకా దీపం పెట్టని వంటగది చీకటి. ఆ చీకటి ముందు, పక్క నుంచి వచ్చిన ఎండలో, వంద కౌంటు పోగు కొస నుంచి కొస దాకా వెలుగుతోంది. ఆమె అక్కడ కూర్చున్నది అందుకే. మరో చోట కూర్చుంటే ఆమెకూ కనబడదు.

సాంకేతికంగా చెప్పాలంటే, సన్నటి పీచు మీద పక్క నుంచో వెనక నుంచో పడిన వెలుతురు మన కంటివైపు ఎక్కువగా చెదురుతుంది. వెనక చీకటి ఉంటేనే ఆ మెరుపు తేలుతుంది. పైగా ఇక్కడ ఎక్స్‌పోజర్ దిద్దుబాటు తిరగబడుతుంది. ఫ్రేములో ఎక్కువ భాగం చీకటి కాబట్టి మీటర్ దాన్ని బూడిద చేయాలని వెలుతురు పెంచేస్తుంది, ఫొటోగ్రాఫర్ తగ్గించాలి. చీరకు ఒక స్టాపు పెంచిన గదిలోనే, అదే పొద్దుట, పోగుకు ఒక స్టాపు తగ్గించాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజున మీటర్ అంటే ఏమిటో అతనికి అర్థమైంది. పాఠంగా చెబితే బుర్రకెక్కేదే, కానీ పెళ్లి మండపం దాకా వెళ్లేసరికి మరిచిపోయేవాడు.

వాకిట్లో ఎండ

వేసవి ముదిరేకొద్దీ ఇంకొకటి కనిపెట్టాడు. రాట్నం తీయడం మొదలుపెట్టిన నాటి ఫొటోల్లో అది ఒక గోడ దగ్గర ఉంది, మే నెల ఫొటోల్లో ఇంకో మూల ఉంది. నాయనమ్మ పీటను కొంచెం కొంచెంగా జరుపుకుంటూ వచ్చింది. ఒక్క రోజులో తెలిసే కదలిక కాదు, నెలల ఫొటోలు వరసగా పెడితేనే తెలుస్తుంది. శ్రీకాకుళం ప్రాంతంలో డిసెంబరు చివర సూర్యుడు ఆగ్నేయం వైపు, 6:20 ప్రాంతంలో పొడుస్తాడు. జూన్ చివర ఈశాన్యం వైపు, 5:20 ప్రాంతంలో పొడుస్తాడు. తూర్పు వాకిట్లోంచి పడే ఎండముక్క ఆ ఆరు నెలల్లో గది ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తుంది, మిగతా ఆరు నెలల్లో వెనక్కి వస్తుంది. అరసవల్లి ఆలయంలో మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ మాత్రమే కిరణాలు స్వామి పాదాల మీద పడటానికి మూలం ఇదే. ఆ రెండు సమయాల్లో సూర్యుడు దాదాపు ఒకే చోట పొడుస్తాడు. గుళ్లో ఫొటోలు తీయనివ్వరు, తీయనివ్వకపోవడమే మంచిది. ఆ వెలుతురు లెక్క మాత్రం పొందూరులో ఒక పాత ఇంటి వాకిట్లో కూడా నడుస్తోందని అబ్బాయి తన ఫొటోల్లోంచే తెలుసుకున్నాడు.

మే నెల మధ్యలో మన ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. జూలై నెలాఖరులో మళ్లీ అంతే, అప్పుడు మబ్బు ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. మే మధ్యాహ్నాలు ఫొటోకు పనికిరావని చాలామంది కెమెరా దాచేస్తారు. అతన్ని నేను ఆ రోజుల్లోనే వాకిట్లోకి పంపాను. నేల మీద కొట్టిన ఎండ ఎగిసి గది పైకప్పును, నాయనమ్మ గడ్డం కింది భాగాన్ని వెలిగించింది. నేల నుంచి పైకి వచ్చే ఆ వెలుతురు అన్ని పూటలా దొరకదు.

బ్రాండెన్‌బర్గ్ నియమాన్ని వానాకాలంలో కొన్నాళ్లు పెట్టించాను. రోజుకు ఒక్క నొక్కుడు. మొదటి రోజుల్లో అద్భుతంగా పని చేసింది. కెమెరా కంటికి ఆనించి ఎదురుచూడటం నేర్చుకున్నాడు. తర్వాత భయం పట్టుకుంది. పోగు తెగే క్షణాన్నో, నాయనమ్మ నవ్వే క్షణాన్నో వదులుకుని, కదలని అరటి దొప్పను, గోడకు వేలాడే చిలపలను తీయసాగాడు. చెడిపోదని నమ్మకం ఉన్నదాన్నే తీయడం మొదలైతే ఆ నియమం పని అయిపోయినట్లే. రెండు వారాలకు మించి దాన్ని ఎవరికీ పెట్టకూడదని నా అభిప్రాయం.

అక్టోబరులో వాయుగుండం పట్టి కరెంటు పోయిన రోజుల్లో కెమెరా బ్యాటరీ లేక ఫోనుతో తీశాడు. ఆ ఫొటోల్లో గరుకు ఎక్కువ. అయినా అవి సాధనలో భాగమే. దసరా తర్వాత ఇంట్లో ఒక చావు జరిగింది. ఆ రోజులకు నోటుపుస్తకంలో పేజీలు ఖాళీగా ఉన్నాయి. నేను అడగలేదు.

నాయనమ్మ చూసిన ఫొటోలు

ఆదివారం చూపించిన అచ్చుల్ని అబ్బాయి ఇంటికి తీసుకెళ్లి గూట్లో పెట్టేవాడు. మొదట్లో నాయనమ్మ విసుక్కుంది. "రోజూ ఇదే తీస్తే ఏమొస్తుందిరా, నిన్న లేనిది ఇవాళ ఏముంది?" అనేది. కొన్నాళ్లకు గూట్లోవి తీసి తనే చూడటం మొదలుపెట్టింది. ఒకరోజు ఒక ఫొటో పక్కకు తీసి, "ఇందులో నేను వడకడం లేదు. తెగిన పోగు అతుకుతున్నాను" అంది. అబ్బాయి నోటుపుస్తకంలో ఆ ఫొటో కింద "నాయనమ్మ నూలు వడుకుతోంది" అని రాసి ఉంది. ఇంకో దాంట్లో చెయ్యి పూర్తిగా పైకి వెళ్లాక తీశాడు. "ఇక్కడికి వచ్చేసరికి పని అయిపోయింది. పోగు సాగేది దీనికి ముందు" అంది.

ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. నేను వెలుతురు, లోతు, ఫ్రేము అంటూ చూసిన ఫొటోల్లో ఆమె పని చూసింది. కుడి చెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమ చెయ్యి ఏకును వెనక్కి, పైకి లాగుతుంది. పోగు సాగుతుంది. ఒక క్షణం ఆగుతుంది. చక్రం కొద్దిగా వెనక్కి తిరుగుతుంది, చెయ్యి దిగుతుంది, పోగు కదురుకు చుట్టుకుంటుంది. మళ్లీ మొదటికి. ఈ వరస తెలిసినవాడు సాగే క్షణానికి ముందే షట్టర్ మీద వేలు పెట్టుకుని ఉంటాడు. తెలియనివాడు చూసి, అనుకుని, నొక్కేసరికి అది దాటిపోతుంది. ఆ తర్వాతి నెలల ఫొటోల్లో నొక్కిన సంఖ్య తగ్గింది, సరైన క్షణాలు పెరిగాయి.

పొందూరుకు కెమెరాలు కొత్త కాదు. వచ్చినవాళ్లు ముడతలు పడిన చేతుల్ని దగ్గరగా తీసుకుని వెళ్లిపోతారు. ఒక్క కాగితం కూడా తిరిగి పంపరని అక్కడి ఆడవాళ్ల బాధ. అబ్బాయి పక్కిళ్లలో వడికేవాళ్లను తీయాలనుకున్నప్పుడు ముందు అడగాలని, అచ్చు వేయించి ఇవ్వాలని, వద్దన్నదాన్ని చెరిపేయాలని గట్టిగా చెప్పాను. మనిషిని తీసే ప్రతి ఫొటోకీ ఇది వర్తిస్తుంది. ఫొటో అందుకున్నవాళ్లు తమ ఇంట్లో ఎండ ఎప్పుడు బాగా వస్తుందో పిలిచి మరీ చెప్పారు.

ఏం మారింది

మళ్లీ సంక్రాంతి వచ్చాక, ఏడాది క్రితం తెచ్చిన మూడు ఆల్బమ్‌ల పక్కన ఆ సీజన్‌లో తీసిన పెళ్లి ఫొటోలు పెట్టాం. పెళ్లివారికి కావలసిన నిలువు ఫొటోలు ఎప్పటిలాగే ఉన్నాయి, ఉండాలి కూడా. వాటి మధ్య వేరే ఫొటోలు వచ్చి చేరాయి. మండపం పక్క తలుపులోంచి వచ్చే వెలుతురులో తలంబ్రాల పళ్లెం పట్టుకున్న పెళ్లికూతురి మేనత్త. ఫ్లాష్ ఆపేసి తీసిన హోమం. అప్పగింతల్లో ఏడుపు మొదలైన తర్వాత కాక, దానికి ముందు తండ్రి కండువా సర్దుకుంటున్న క్షణం. ఏది ఎవరి పెళ్లో ఇప్పుడు చెప్పగలుగుతున్నాడు. నోటుపుస్తకంలో మొదటి నెల "ఎదురుగా" అని ఉన్న చోట చివరి నెలల్లో "వాకిలి ఎడమ రెక్క మూసి ఉంది, నేల మీంచి ఎగిసిన వెలుతురు" అని ఉంది. నా దృష్టిలో ఫొటోల కంటే ఆ వాక్యాలే గట్టి సాక్ష్యం.

దీన్ని అందరికీ ఒకేలా వర్తింపజేయలేం. ఇతనికి కెమెరా ముందే తెలుసు. అది తెలియనివాళ్లు మొదటి నెలల్లో మీటర్‌తో, ఫోకస్‌తో కుస్తీ పడుతూ ఒకే వస్తువు దగ్గర విసిగిపోతారు, వాళ్లను కొన్నాళ్లు తిరగనివ్వడమే మేలు. విజయనగరంలో ఒక పెద్దాయన ఇదే సాధనను గంటస్తంభం మీద చేశాడు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట నిలబడి తీశాడు. క్రమశిక్షణలో ఆయనకు వంక పెట్టలేం, కానీ అది హాజరు పట్టీ అయిపోయింది. ఎంపిక లేదు, ఎందుకు ఎంచుకున్నానో రాయవలసిన అవసరమూ లేదు. వస్తువు ఒకటే ఉండాలి, నిలబడే చోటు కాదు. ఆయన ఇప్పుడు స్తంభాన్ని వదలకుండా, దాని చుట్టూ ఉన్న అంగళ్ల లోపలి నుంచి చూస్తున్నాడు.

ఉద్యోగాలు చేసేవాళ్లు సమయం లేదంటారు. రోజూ వెళ్లే దారిలో, రోజూ కనబడే ఒక్క వస్తువు చాలు. టీ కొట్టు, బస్టాండు బల్ల, ఇంటి కిటికీ. డిసెంబరులో మన వైపు ఐదున్నర కాకముందే పొద్దు గూకుతుంది కాబట్టి సాయంత్రం మీద ఆధారపడేవాళ్లు చలికాలంలో ఉదయానికి మారాలి. ఇంతకంటే సలహా అక్కర్లేదు.

అబ్బాయి ఈ ఏడాది రాట్నం వదిలి పక్కింటి గుంట మగ్గం తీస్తున్నాడు. అక్కడ కష్టం ఎక్కువ. నేసే మనిషి నడుము దాకా గుంటలో ఉంటాడు, ముఖం చీకట్లో. పైన గాజు పెంకులోంచి పడే ఎండ పడుగు (మగ్గం మీద నిలువుగా సాగిన నూలు) మీద పడి తెల్లగా పేలిపోతుంది. పడుగుకు సరిపెడితే ముఖం పోతుంది, ముఖానికి సరిపెడితే పడుగు పోతుంది. తెల్లటి అట్ట పట్టి ముఖం మీదికి వెలుతురు మళ్లించవచ్చా అని అడిగాడు. అది ఇంకా వద్దని, మబ్బు పట్టిన రోజున పెంకు కింద వెలుతురు ఎలా ఉంటుందో ముందు చూడమని చెప్పాను. వచ్చే ఆదివారం ఆ ఫొటోలు తెస్తానన్నాడు.